సంరక్షకుడు, చింతలరేవు పురపాలక సంఘం

నేను ఒక రబ్బరు ముద్రను. అరచేతిలో ఇమిడే చెక్క పిడి, దాని కింద రెండంగుళాల రబ్బరు ముక్క, ఆ ముక్క మీద తిరగబడిన అక్షరాలు రెండు వరసలు. ఊదా సిరా అద్ది కాగితం మీద నొక్కితే పై వరసలో "సంరక్షకుడు" అనీ, కింది వరసలో "పురపాలక సంఘం, చింతలరేవు" అనీ పడుతుంది. ఇంతకు మించి నాకు చదువు లేదు. అయినా పదకొండేళ్ళ పాటు పద్నాలుగు మంది ఆడపిల్లలకు తల్లో తండ్రో పెట్టాల్సిన సంతకం నేనే పెట్టాను. మీలో ఎవరికైనా అంత పెద్ద సంసారం ఉంటే చెప్పండి.

ఆఫీసు వస్తువులకు గొప్పలు చెప్పుకోవడం అలవాటు. పంకా తన వల్లే ఫైళ్ళు కదులుతున్నాయనుకుంటుంది. బీరువా రహస్యాలన్నీ తన కడుపులోనే ఉన్నాయనుకుంటుంది. నేనూ చాలా ఏళ్ళు అలాగే మిడిసిపడ్డాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ మిడిసిపాటు ఎలా దిగిందో, దాని కోసం ఎవరేం పోగొట్టుకున్నారో, ఆ సంగతి.

నన్ను చేసింది జలాలుద్దీన్ సాయిబు. కోర్టు ప్రహరీని ఆనుకుని ఆయన కొట్టు ఉండేది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి, అచ్చు తీసి, రబ్బరును వేడి మీద అదిమి ముద్రలు చేసేవాడు. నా కోసం వచ్చినవారు పురపాలక సంఘం గుమాస్తా సన్యాసిరావు గారు. బట్టతల, జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, ఎవరినీ నొప్పించని మాట. మంచి మనిషి. కాస్త పని తప్పించుకునే మనిషి కూడా.

"కింద పేరెవరిది పెట్టమంటారు?" అని సాయిబు అడిగాడు.

"పేరొద్దు సాయిబు గారూ. చైర్మన్లు దిగిపోతారు, కమిషనర్లు బదిలీ అయిపోతారు. పేరు పెడితే మారినప్పుడల్లా మీ చుట్టూ తిరగాలి."

"మరి ఎవరి తరఫునండీ ఈ సంతకం?"

"సంఘం తరఫున."

సాయిబు కళ్ళద్దాలు పైకి తోసుకుని నవ్వాడు. "సంఘానికి చెయ్యి లేదు కదండీ. అందుకని నా దగ్గరకొచ్చారన్నమాట," అన్నాడు. సన్యాసిరావు గారు కూడా నవ్వారు. ఆ మాట నాకు అప్పుడు మెప్పులా వినిపించింది.

నా అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. ఆ ఏడాది నవంబరులో తుపాను వచ్చి సముద్రం ఒడ్డున ఉన్న బెస్తవీధులు రెండు కొట్టుకుపోయాయి. నీళ్ళు తీశాక బడి వరండాలో మిగిలిన పిల్లల్లో చాలామందిని ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళారు. మగపిల్లలను జిల్లా హాస్టలు వాళ్ళు లారీ ఎక్కించుకున్నారు. పద్నాలుగు మంది ఆడపిల్లల కోసం మాత్రం ఎవరూ రాలేదు. డిసెంబరు పన్నెండున పురపాలక సంఘం సమావేశమైంది. అప్పటి చైర్మన్ అప్పలస్వామి నాయుడు గారు లేచి, "ఈ రోజు నుంచి ఈ పిల్లలకు తల్లీ తండ్రీ ఈ సంఘమే" అన్నారు. అందరూ బల్లలు చరిచారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్ళు నిజమైనవే, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. పాత పశువుల ఆసుపత్రికి సున్నం కొట్టించి పిల్లలను అక్కడ పెట్టి, దాన్ని హోము అన్నారు. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా అక్కడ ఉండవచ్చని తీర్మానంలో రాసుకున్నారు.

తీర్మానం తేలికగానే జరిగిపోయింది. ఆ తర్వాత కాగితాలు మొదలయ్యాయి. బడిలో చేర్చాలంటే సంరక్షకుడి సంతకం. టీకా వేయించాలంటే సంతకం. ఆధార్‌కి సంతకం, రేషన్‌కి సంతకం. చైర్మన్ గారు మొదటి రోజు మూడు కాగితాల మీద పెట్టి నాలుగోదాని దగ్గర పెన్ను మూసేశారు. "సన్యాసిరావూ, ఏదైనా ఏర్పాటు చూడవయ్యా," అన్నారు. ఆ ఏర్పాటే నేను.

నన్ను ఆఫీసుకు తెచ్చిన రోజే నాకు మొదటి పని పడింది. పిల్లల పుట్టిన తేదీలు ఎవరికీ తెలియవు. చెప్పాల్సినవాళ్ళు సముద్రంలో ఉన్నారు. సన్యాసిరావు గారు పిల్లలను ఆఫీసు వరండాలో వరసగా నిలబెట్టి, బళ్ళలో ఎప్పటినుంచో చేసే పరీక్షే చేశారు. కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకోమన్నారు. అందితే ఐదేళ్ళు నిండినట్టు, అందకపోతే నిండనట్టు. బళ్ళో చేర్చుకోవడానికి అంతవరకు చాలు. ఆయన మాత్రం దాన్ని ఇంకాస్త సాగదీశారు. చెవి అంచు తగిలితే ఐదు, చెవి మొత్తం చేతికొస్తే ఏడు, చెవి దాటి మెడ తగిలితే తొమ్మిది, ఇంకా కిందికి పోతే పదీ పదకొండూ అని తనకు తానే ఒక లెక్క పెట్టుకున్నారు.

దమయంతి అనే పిల్ల వంతు వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చేతులు మోకాళ్ళదాకా ఉండేది. చెవిని పట్టుకోవడమే కాదు, మెలిపెట్టి మిగతా పిల్లల వంక చూసి నవ్వింది. తుపాను తర్వాత ఆ పిల్లల్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారట. సన్యాసిరావు గారు కూడా నవ్వి "ఏడు" అని రాశారు. ఆమె తర్వాత నిలబడ్డ సుభాషిణికి చెయ్యి మెడ దాకా వెళ్ళింది. "తొమ్మిది" అని రాశారు.

"తేదీ ఏం కొట్టమంటారండీ?" అని టైపు చేసే అమ్మాయి అడిగింది.

"తీర్మానమైన రోజే కొట్టేయమ్మా. డిసెంబరు పన్నెండు. అందరికీ గుర్తుంటుంది."

అలా ఆ ఊళ్ళో పద్నాలుగు మంది పిల్లలు ఒకే తేదీన పుట్టారు. జనన మరణాల నమోదు కూడా సంఘం ఆఫీసులోనే, రెండు బల్లల అవతల. అందువల్ల కాగితాలు మధ్యాహ్నం భోజనాల లోపే అయిపోయాయి. నేను పద్నాలుగు సార్లు పడ్డాను. సిరా కొత్తది కావడంతో అక్షరాలు ముత్యాల్లా వచ్చాయని అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత నా సంసారం సాగింది. సన్యాసిరావు గారి సొరుగులో, సిరా డబ్బా పక్కన నా కాపురం. బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉన్న రోజు ఆయన నన్ను చేతిసంచీలో వేసుకుని వెళ్ళేవారు. మిగతా పిల్లల తల్లులు పంతులమ్మతో మాట్లాడుతుంటే ఆయన పద్నాలుగు కార్డులు బల్ల మీద పరిచి నన్ను వరసగా నొక్కి, పదకొండు గంటల కల్లా ఆఫీసుకు వచ్చేసేవారు. ఏటా డిసెంబరు పన్నెండున చైర్మన్ ఎవరైతే వాళ్ళు హోముకు వెళ్ళి, పిల్లలందరికీ తలా ఒక లడ్డూ ఇచ్చి, ఫొటో తీయించుకునేవారు. అది పుట్టినరోజో, తీర్మానం రోజో ఎవరూ తేల్చి చెప్పలేదు.

ఆరో తరగతిలో దమయంతికి క్లాసులో మొదటి స్థానం వచ్చింది. కార్డు హోములో ఇస్తే సరిపోయేది, ఆ పిల్ల తిన్నగా ఆఫీసుకు తెచ్చింది. సంతకం పెట్టేటప్పుడు పక్కన ఉండాలని ఆమెకు కోరిక. సన్యాసిరావు గారు ఫోనులో మాట్లాడుతూనే కార్డు అందుకుని నన్ను నొక్కి తిరిగి ఇచ్చేశారు. ఆమె ఇంకాసేపు నిలబడింది. ఆయన చేత్తో సైగ చేశారు, అయిపోయింది వెళ్ళమ్మా అని. ఆ మార్కులను దగ్గరగా చూసింది నేనొక్కదాన్నే. నాకు నోరుంటే బాగుండుననిపించిన మొదటి రోజు అది.

హోములో ఏం జరుగుతుందో నాకు అసిరమ్మ వల్ల తెలిసేది. ఆమె అక్కడ వంటమనిషి. పేరుకు వార్డెన్లు వస్తూ పోతూ ఉండేవారు గాని, పిల్లలను చూసింది ఆమే. నెలనెలా సరుకుల చీటీ తీసుకుని వచ్చి, సన్యాసిరావు గారి బల్ల పక్కన నేల మీద కూర్చుని అన్నీ చెప్పేది. ఎవరికి జ్వరం, ఎవరికి చదువు ఎక్కట్లేదు, ఎవరు నిద్రలో ఏడుస్తున్నారు. హోము మొదలైన మరుసటి ఏడాది దసరాకి ఆమె ఒక మాట అంది.

"బాబూ, దమయంతికి ఏడేళ్ళని రాసినావు గాని, నిన్ననే దానికి పాలపన్ను మొదటిది ఊడినాది. నానే పెంకు మీదికి ఇసిరినాను. ఏడు దాటిన గుంటకి ఇప్పుడు ఊడడమేటి? అది వచ్చినప్పుడు అయిదేళ్ళదే, ఒట్టు."

"ఇప్పుడు మార్చడం అంత తేలిక కాదు అసిరమ్మా. రాసింది రాసినట్టుండనీ. ఏం పోయింది?" అన్నారాయన.

నిజమే, అప్పటికి ఏమీ పోలేదు. ఆయన సొరుగు మూశారు, నేనూ నిశ్చింతగా పడుకున్నాను.

పోయింది తొమ్మిదేళ్ళ తర్వాత. వయసు సుభాషిణి కంటే ఎక్కువని రాసిన పిల్లలు ఇద్దరు అప్పటికే వెళ్ళిపోయారు. మూడోది సుభాషిణి. డిసెంబరు పన్నెండు ఉదయం లడ్డూలు పంచాక, కాగితం ప్రకారం ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండాయి. విడుదల కాగితంతో సన్యాసిరావు గారు హోముకు వెళ్ళారు, నేను సంచీలో. ఆ పిల్ల పదో తరగతి తప్పి, మళ్ళీ కట్టింది. మార్చిలో పరీక్ష. చేతిలో లడ్డూ అలాగే పట్టుకుని, "ఇప్పుడే ఎల్లిపోవాలా అండీ?" అని అడిగింది.

"రూలమ్మా," అన్నారు సన్యాసిరావు గారు.

ఆ రోజుల్లో రొయ్యలు ఒలిచే షెడ్ల కోసం మనుషులను తీసుకెళ్ళే వ్యానొకటి ఆ వీధిలో తిరిగేది. ఎవరికి పద్దెనిమిది నిండుతున్నాయో దాని డ్రైవరుకు సంఘం కంటే బాగా తెలుసు. సుభాషిణి మధ్యాహ్నానికల్లా ఆ వ్యానెక్కింది. నేను ఆ ఉదయం ఆమె కాగితం మీద పడ్డాను. అందరి కాగితాల మీద పడ్డట్టే పడ్డాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఇక దమయంతి. పదో తరగతి మంచి మార్కులతో దాటి ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరింది. సైన్సు గ్రూపు. నర్సు కావాలని ఉండేదట. నవంబరు మొదటివారంలో ఆమె పేరున నోటీసు తయారైంది: డిసెంబరు పన్నెండుతో పద్దెనిమిది సంవత్సరాలు పూర్తవుతున్నందున వసతి ముగియును. నోటీసు కింద కూడా నన్నే నొక్కారు. పిల్లను పంపించేసే కాగితం మీద "సంరక్షకుడు" అని పడటం ఎవరికీ వింతగా తోచలేదు.

అసిరమ్మ ఆ నెల సరుకుల చీటీ లేకుండా వచ్చింది. నేల మీద కూర్చోలేదు.

"ఏటి బాబూ ఇది? ఆ గుంటకి పదారే. నానెరుగుదును. అది నోటీసు సదివినాది. సబ్బుపెట్టె సిన్నదానికి ఇచ్చీసింది. దుప్పటి మడతెట్టీసింది. పుస్తకాలు అట్టపెట్టిలో సర్దీసింది. రాత్రి నన్ను అడిగింది, సుబాసిణక్క ఎక్కడుంది పిన్నీ అని. నానేటి సెప్పను?"

సన్యాసిరావు గారు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. "కమిషనర్ గారిని అడగాలి," అన్నారు చివరికి.

"నువ్వు రాసినావు. నువ్వే అడుగు," అని ఆమె వెళ్ళిపోయింది.

ఆయన అడగలేదు. రెండు వారాలు తప్పించుకు తిరిగారు. సొరుగు తెరిచినప్పుడల్లా నా వైపు చూసి మూసేసేవారు. రిటైర్మెంటుకు ఇంకా ఏడు నెలలు. తప్పు తేదీ వేశానని రాసిస్తే విచారణ తప్పదు. పద్నాలుగు తేదీలూ బయటికొస్తాయి. ఇంట్లో భార్యకు కూడా చెప్పుకోలేకపోయారని తర్వాత తెలిసింది.

అసిరమ్మ ఆయన కోసం ఆగలేదు. కొత్త చైర్‌పర్సన్ రత్నకుమారి గారి ఇంటికి తిన్నగా వెళ్ళింది. రత్నకుమారి గారు ఎన్నికల్లో నిలబడక ముందు బజారులో టైలరింగు చేసేవారు. ఆరేళ్ళ పాటు హోము పిల్లల యూనిఫారాలు ఆమే కుట్టారు. అసిరమ్మ చెప్పింది విని, ఆమె ఆ సంగతిని నవంబరు ఆఖరి సమావేశంలో చర్చకు పెట్టించారు.

ఆ రోజు సన్యాసిరావు గారు నన్ను చొక్కా జేబులో వేసుకుని హాల్లోకి వచ్చారు. ఎందుకో నాకు తెలియదు. ఆయన గుండె దబదబలాడటం మాత్రం నాకు బాగా తెలిసింది.

కమిషనర్ గారు కుర్రవాడు, జాగ్రత్తపరుడు. లేచి వివరించాడు. "మేడం, పుట్టిన తేదీ సవరించాలంటే సంరక్షకుడు దరఖాస్తు పెట్టాలి. సంరక్షకుడు మనమే. దరఖాస్తు పరిశీలించాల్సిన రిజిస్ట్రారు కూడా మన ఆఫీసే. అప్పట్లో తేదీ ఇచ్చిందీ మనమే. మనం చెప్పింది అబద్ధమని మనమే మనకు రాసుకోవాలి. పైగా ఈ ఫారంలో ఒక వాక్యం ఉంది. 'ఈ బాలికను నేను స్వయంగా ఎరుగుదును' అని సంతకం పెట్టాలి."

"ఒకరికి దిద్దితే అందరికీ దిద్దమంటారు," అన్నారు ఏడో వార్డు కౌన్సిలరు. "పదకొండేళ్ళు లేని ఇబ్బంది ఇప్పుడెందుకండీ? ఆ అమ్మాయికి ఎక్కడో ఒక పని చూపిద్దాం, సరిపోతుంది."

రత్నకుమారి గారు ఫారం చేతిలోకి తీసుకున్నారు. "మనలో ఈ పిల్లను స్వయంగా ఎరిగినవాళ్ళు ఎవరు?" అని అడిగారు.

ఒక్క చెయ్యీ లేవలేదు. ఇరవై మూడు మంది ఉన్నారు ఆ హాల్లో. ఇరవై మూడు మంది తల్లిదండ్రులు.

"నేనూ ఎరగను," అన్నారామె. "కాని ఆ పిల్లల బట్టలు ఎరుగుదును. ఏటా మీ ఆఫీసు నుంచి వయసుల పట్టీ వచ్చేది, ఆ వయసు కొలతలకు కుట్టమని. కుట్టి ఇచ్చాక అసిరమ్మ మళ్ళీ తెచ్చేది, అన్నీ వదులుగా ఉన్నాయని. పద్నాలుగు జతలూ వదులే. పిల్లలకు తిండి సరిపోవట్లేదేమో అనుకున్నాను. వయసే తప్పని నాకు తట్టలేదు."

అప్పుడు సన్యాసిరావు గారు లేచారు. గుమాస్తా అడగకుండా లేవడం ఆ హాల్లో అలవాటు లేదు. కుడిచేయి పైకెత్తి, తల మీదుగా తిప్పి, ఎడమ చెవి పట్టుకున్నారు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, నిండు సభలో, అలా నిలబడ్డారు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇలా రాశానండీ," అన్నారు. "వయసులు ఇలా చూసి రాశాను. ఆ పిల్లకు చేతులు పొడుగు. అంతకు మించి నాకేమీ తెలియదు. పాలపళ్ళు ఇప్పుడే ఊడుతున్నాయని అసిరమ్మ ఆనాడే చెప్పింది. నేనే దిద్దలేదు. నాకు అప్పుడు బద్ధకం, తర్వాత భయం."

నవ్వినవాళ్ళు ఆగిపోయారు. ఆయన చెయ్యి దించడం మరిచిపోయారు. రత్నకుమారి గారే "కూర్చోండి సన్యాసిరావు గారూ" అన్నారు, మెల్లగా. తీర్మానం అయింది: దమయంతి వయసు డాక్టరు చేత పరీక్ష చేయించాలి, తేలేవరకు ఆమెను హోము నుంచి పంపకూడదు.

డాక్టరు ఎముకల ఎక్స్‌రే తీసి, పదహారు ఉండవచ్చు, మహా అయితే ఒక ఏడాది అటూ ఇటూ, అని రాసిచ్చాడు. ఆ పరీక్షకు సంరక్షకుడి అంగీకారం కావాలి. సన్యాసిరావు గారు అలవాటుగా నన్ను తీశారు. రత్నకుమారి గారు వద్దని, పెన్నుతో తన పేరు రాశారు. పదకొండేళ్ళలో నన్ను పక్కన పెట్టడం అదే మొదలు. నాకు రోషం వచ్చిందని దాచను.

సవరణ ఫారం మాత్రం ఆమె వెంటనే సంతకం పెట్టలేదు. "స్వయంగా ఎరుగుదును అని ఉంది. నాలుగు రోజుల నుంచి పేరు తెలిసినంత మాత్రాన ఎరిగినట్టా?" అన్నారు. వారం రోజుల పాటు సాయంత్రాలు హోముకు వెళ్ళి అసిరమ్మ వండింది తిన్నారు. దమయంతి వంకాయ ముట్టదని, ఎడమచేత్తో రాస్తుందని, ఉరిమితే చెవులు మూసుకుని గోడ వైపు తిరుగుతుందని అప్పుడు తెలిసింది. డిసెంబరు పదిన ఆమెను ఆఫీసుకు పిలిపించి, ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ పిల్ల అంచు మీద కూర్చుంది, ఏ క్షణాన లేవమంటారో అన్నట్టు.

"సంవత్సరం డాక్టరు చెప్పారమ్మా. నెలా తేదీ మనమే రాయాలి. నీకు ఏ రోజు కావాలి?"

దమయంతికి అర్థం కాలేదు. మళ్ళీ అడిగారు. అప్పుడు చాలాసేపు గోడ మీది క్యాలెండరు వైపు చూసింది.

"ఏదైనా పరవాలేదండీ. ఆ రోజు మాలో ఇంకెవరిదీ కాకుండా ఉంటే చాలు."

రత్నకుమారి గారు తల వంచుకున్నారు. తర్వాత "ఫిబ్రవరి పందొమ్మిది?" అన్నారు. ఆ పిల్ల తలూపింది. ఆ తేదీ రాసి, కింద తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, సంతకం చేశారు. దమయంతి కాగితాన్ని తన వైపు తిప్పుకుని ఆ సంతకాన్ని చూసింది. మార్కుల కార్డు మీద నన్ను ఆ పిల్ల ఎప్పుడూ అలా చూడలేదు. పన్నెండో తారీకు ఆమె లడ్డూ తిని కాలేజీకి వెళ్ళింది. సాయంత్రం తిరిగి హోముకే వచ్చింది.

నా రోషం ఆ రోజే పోయింది. దమయంతి కాక హోములో ఉన్న పదిమంది పిల్లలకూ పదిమంది కౌన్సిలర్లను ఒక్కొక్కరి చొప్పున అప్పగించారు. నెలకోసారైనా వెళ్ళి చూడాలి, కాగితం వస్తే సొంత చేత్తో పెట్టాలి. కొందరు శ్రద్ధగా వెళ్తున్నారు, కొందరు డ్రైవరును పంపుతున్నారని విన్నాను. మనుషులు ఒక్క తీర్మానంతో మారిపోతారని నేనూ అనుకోను. ఏడో వార్డు కౌన్సిలరు మాత్రం తన వంతు పిల్లకు లెక్కలు చెప్పడానికి ఆదివారాలు వెళ్తున్నారట, ఆయన వెనకటికి లెక్కల మాస్టారు.

నన్ను ఇక వాడకూడదని రాశారు. వాడని ముద్రలను చెరిపి పారేయడం ఆఫీసు పద్ధతి. పారేసి ఉంటే నా కథ ఇక్కడితో ముగిసేది. కాని మరుసటి వారం రత్నకుమారి గారు సన్యాసిరావు గారిని పిలిచి, వెళ్ళిపోయిన ముగ్గురి కాగితాలూ తెమ్మన్నారు. "వాళ్ళ వయసులు కూడా ఇలాగే రాశారు కదా. వాళ్ళెక్కడున్నారు?"

ఆయన మూడు విడుదల కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆమె ఒక్కొక్కటీ చదివారు. పేరు ఉంది. వయసు ఉంది. చేరిన రోజు, వెళ్ళిన రోజు ఉన్నాయి. ఆ కింద "వెళ్ళు చోటు, చిరునామా" అని ఒక పెద్ద గడి. అందులో ఎవరూ ఏమీ రాయలేదు. కాగితం మొత్తం మీద ఖాళీగా ఉన్న చోటు అదొక్కటే కావడంతో సన్యాసిరావు గారు మూడు కాగితాల్లోనూ నన్ను అక్కడే నొక్కారు.

ఆమె మూడు కాగితాలనూ ఆయన వైపు తిప్పారు. ఆయన అక్కడే నిలబడి ఏడ్చారు.

ఇద్దరి జాడ దొరికింది. ఒకామె పలాసలో జీడిపప్పు బట్టీలో ఉంది, ఇంకొకామెకు పెళ్ళయింది, చంటిపిల్ల. సుభాషిణి జాడ లేదు. సన్యాసిరావు గారి మీద విచారణ నడుస్తోంది. సెలవు రోజుల్లో ఆయన పాత గ్రూపు ఫొటోలోంచి కత్తిరించిన ఆమె బొమ్మ పట్టుకుని, బస్సెక్కి, తీరం వెంట రొయ్యల షెడ్లలో అడుగుతున్నారు. సోమవారం ఆఫీసుకు రాగానే రత్నకుమారి గారు ఆయన ముఖం వైపు చూస్తారు. ఆయన తల అడ్డంగా ఊపుతారు.

సుభాషిణి కాగితం ఆమె బల్ల మీదే ఉంది. గాలికి ఎగరకుండా దాని అంచు మీద నన్ను నిలబెట్టారు. రేపో మాపో ఆ పిల్ల ఎక్కడుందో తెలియవచ్చు. తెలిసిన రోజున ఆ గడిలో చిరునామా రాయడానికి మాత్రం చోటు లేదు. గడి నిండా నేనే ఉన్నాను.